గోదావరి మీద నీరెండ: నూనె రంగుల్లో వెలుగు ఎందుకు వెలగడం లేదు?

రేవుగట్టు:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఉంటాను. నూనె రంగులు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇంట్లో కూర్చుని ఇత్తడి చెంబు, మామిడిపళ్ళు, మట్టికుండ వేసినంత కాలం చేయి బాగానే సాగింది. మూడు నెలలుగా సాయంత్రపు గోదావరిని వేయాలని ప్రయత్నిస్తున్నాను. ఆరు కాన్వాసులు అయ్యాయి. ఆరూ ఒకే తీరుగా పోయాయి.

రేవు మెట్ల మీద పడమటికి తిరిగి కూర్చుంటే ఎదుట కొవ్వూరు వైపు గట్టు, దాని మీదకు దిగుతున్న సూర్యుడు, పాత హేవలాక్ వంతెన స్తంభాలు, నీటి మీద సూర్యుడి దగ్గర నుంచి నా పాదాల దాకా పరుచుకున్న బంగారు దారి. ఆ దారి కోసమే నా తపన అంతా. సూర్యుడికి తెలుపులో నిమ్మపసుపు కలిపాను. ఆకాశానికి పసుపు, నారింజ, వాటిలో బోలెడంత టైటానియం వైట్. నీటికీ అదే. ఇంటికి తెచ్చి గోడకు ఆనించి చూస్తే సున్నం కొట్టిన గోడ మీద పసుపునీళ్ళు చల్లినట్లుంది. ఎంత తెలుపు కలిపితే అంత చచ్చిపోతోంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

పాతకుంచె:
అమ్మా, ముందు ఒక మాట అడుగుతాను. మీ కాన్వాసులో అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోటు ఏది? అది ఎంత ముదురు?

రేవుగట్టు:
ముందున్న పడవ, మాస్టారూ. ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌లో కొంచెం తెలుపు కలిపి వేశాను. మరీ ముదురుగా వేస్తే మోటుగా ఉంటుందేమోనని భయం. అవతలి గట్టు లేత ఊదా, వంతెన బూడిద రంగు.

పాతకుంచె:
అనుకున్నంతా అయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు డ్రాయింగ్ చెప్పాను. వెలుగు వేయాలని ఉబలాటపడే ప్రతివారూ మొదట ఇక్కడే ఆగిపోతారు. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ట్యూబులోంచి వచ్చిన తెల్లరంగు తన మీద పడిన వెలుతురులో సుమారు 90 శాతాన్ని తిరిగి పంపుతుంది. నల్లరంగు 3, 4 శాతం పంపుతుంది. అంటే రంగులు కలుపుకునే మన ప్యాలెట్ మీద ఉన్న మొత్తం తేడా 25, 30 రెట్లకు మించదు. రేవులో మీ ఎదుట ఉన్నదాన్ని చూడండి. సూర్యుడి సంగతి వదిలేసినా, మెరిసే నీటికీ పడవ లోపలి చీకటికీ తేడా వందల రెట్లలో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్లు దించడం ఎవరి తరమూ కాదు, ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ తరమూ కాలేదు. సంతకు వెళ్ళాం, చేతిలో 25 రూపాయలే ఉన్నాయి అనుకోండి. మీరు ఆకాశం దగ్గరే 20 రూపాయలు ఖర్చు పెట్టేశారు, మిగిలినవాటిలో నాలుగు నీటికి పోశారు. సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి చేతిలో రూపాయి ఉంది. ఆ రూపాయితో ఏ వెలుగు కొంటారు?

ఆకాశాన్ని కిందికి దించండి. మీరు అనుకునే దానికన్నా బాగా ముదురు చేయండి. గట్టును ఇంకా దించండి. పడవను దాదాపు నలుపు దాకా తీసుకెళ్ళండి. అప్పుడు సూర్యుడి కోసం కొంత నిలవ ఉంటుంది.

రెండు వారాల పాటు రంగు ముట్టుకోవద్దు. బర్న్ట్ అంబర్, తెలుపు, ఈ రెండే. పోస్టుకార్డంత అట్టముక్క. నాలుగంటే నాలుగే మెట్లు: ముదురు, నడిమి ముదురు, నడిమి లేత, లేత. కళ్ళు సగం మూసి, రెప్పల సందులోంచి చూస్తే ఆకుల వివరాలూ అలల వివరాలూ పోయి దృశ్యం నాలుగు ముద్దలుగా విడిపోతుంది. ఆ ముద్దలనే వేయండి. సూర్యుడి వంక మాత్రం నేరుగా చూడవద్దు, దాని పక్కన చూడండి.

తొలిపొర:
నేను ఇంకా ట్యూబులు కూడా కొనలేదు. నాలుగు మెట్లు చాలా? ఆకాశంలోనే పది ఛాయలు కనబడతాయి కదా.

పాతకుంచె:
కనబడతాయి, బాబూ. అవన్నీ ఒక మెట్టు లోపల ఇముడుతాయి. మీరు ముందు ఇల్లు కట్టండి, ముగ్గులు తర్వాత.

దూరపుకొండలు:
చర్చ చదువుతూ ఉండబట్టలేక రాస్తున్నాను. పుట్టింది తణుకు దగ్గర, ఉంటున్నది లండన్‌లో. పోయిన ఏడాది పారిస్ వెళ్ళినప్పుడు మార్మొతాన్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ చూశాను. 1872లో లె హావ్ర్ రేవు, పొగమంచు, బూడిదనీలం నీళ్ళు, మధ్యలో నారింజ రంగు సూర్యుడు. ఇంప్రెషనిజం అన్న చిత్రకళా ధోరణికి ఆ పేరు పుట్టింది ఆ బొమ్మ పేరు నుంచే. ఎదుట నిలబడితే ఆ సూర్యుడు కదులుతున్నట్లే ఉంటాడు.

ఇప్పుడు అసలు విషయం. ఆ బొమ్మ ఫోటోను ఫోనులో నలుపు తెలుపుగా మార్చి చూడండి. సూర్యుడు దాదాపు కనబడకుండా పోతాడు! చుట్టూ ఉన్న మబ్బు ఎంత లేతగా ఉందో సూర్యుడూ అంతే లేతగా ఉన్నాడు. ఆకాశం కన్నా తెల్లగా వేయలేదు మోనే. చుట్టూ అంతా చల్లని బూడిదనీలం, మధ్యలో వేడి నారింజ, ఆ రంగుల ఎడం మీదే అది మండుతోంది. మాస్టారు చెప్పిన మెట్ల దారి ఒకటి, ఈ రంగుల దారి ఇంకొకటి. రేవుగట్టు గారూ, తెలుపు ఒక్కటే వెలుగు అనుకోవద్దని ఆ బొమ్మ ముందు నిలబడి నేను నేర్చుకున్నాను.

రేవుగట్టు:
ఇప్పుడే ఫోనులో చూశాను. వెతుక్కోవలసి వచ్చింది సూర్యుణ్ణి. రాత్రంతా ఇదే ఆలోచనగా ఉండేలా ఉంది.

ముడిగుడ్డ:
తెలుపు గురించి నేనూ ఒక మాట చెప్పాలి. పాతికేళ్ళుగా కాన్వాసు నేనే బిగించుకుని, నేనే పూత పూసుకుని వేస్తున్నాను. టైటానియం వైట్ చాలా గట్టి రంగు, ఒక్క చుక్క కూడా పక్క రంగును మింగేస్తుంది. పైగా దాని స్వభావం చల్లన. నారింజలో తెలుపు కలపండి, లేతబడుతుంది, దానితో పాటే పాలు కలిపినట్లు చల్లబడి గులాబీ వైపు జారుతుంది. వేడి పోయాక అది ఎండలా ఎందుకు కనబడుతుంది?

నేను చేసే పద్ధతి: ఎండ రంగును లేత చేయవలసి వస్తే మొదట తెలుపు దగ్గరకు వెళ్ళను. నారింజను పసుపుతో లేత చేస్తాను, క్యాడ్మియం ఆరెంజ్‌లో క్యాడ్మియం యెల్లో. ఇంకా లేత కావాలంటే లెమన్ యెల్లో. అక్కడికీ చాలకపోతే అప్పుడు కుంచె కొసన తెలుపు. సూర్యుడి దగ్గర నుంచి బయటికి వచ్చే కొద్దీ లేత పసుపు, చామంతి పసుపు, మామిడిపండు రంగు, ఇటుక కలిసిన గులాబీ, చివరికి బూడిద కలిసిన వంగపండు రంగు. ఈ వరుసలో ఎక్కడా గీత పడకూడదు, ఒక రంగులోంచి ఇంకొకటి పుట్టినట్లుండాలి. మీ బొమ్మలో ఆకాశమంతా ఒకే పసుపు అయి ఉంటుందని నా అనుమానం.

చివర చెప్పిన ఆ బూడిద వంగపండు రంగును తక్కువగా చూడకండి. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగం చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త కథ ఉంది. నల్లనూలు సరిగా నలుపెక్కడం లేదని నేతశాలలో ఫిర్యాదు వస్తే ఆయన పరీక్షించాడు. అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన వేసిన రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్లు కనబడుతోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద గ్రంథమే అచ్చు వేశాడు. ఆ తర్వాతి చిత్రకారులు దాన్ని బాగా వంటబట్టించుకున్నారు. అందుకని మీ పసుపు వెలగాలంటే పక్కన కాస్త ఊదా బూడిద ఉండాలి. అన్నీ పసుపులే అయితే ఏదీ పసుపు కాదు.

గుండ్రాళ్ళు:
హైదరాబాద్ నుంచి. నాకు సాయంత్రాలకన్నా మిట్టమధ్యాహ్నం ఇష్టం. ఊరి చుట్టూ మిగిలిన రాతిగుట్టల దగ్గర గొడుగు పాతుకుని కూర్చుంటాను. అమెరికా చిత్రకారుడు జాన్ కార్ల్‌సన్ చెప్పిన ఒక సూత్రం ఉంది: ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత చదునైన నేల, తర్వాత వాలుగా ఉన్న కొండ, నిటారుగా నిలిచిన చెట్లు అన్నిటికన్నా ముదురు. పై నుంచి పడే వెలుతురు ఏ తలం మీద ఎంత పడుతుందన్న లెక్క అది. చాలా చోట్ల నిలుస్తుంది. మన దక్కను మేలో మాత్రం తలకిందులవుతుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు బండ పైతలం నీలాకాశం కన్నా లేతగా కనబడుతుంది. సూత్రం పట్టుకుని ఆకాశాన్ని లేత చేస్తే బండ మీద ఎండ ఉండదు. రెండేళ్ళు నేను చేసిన పని అదే.

ఇంకొకటి నీడ రంగు. ఎండ వేడి, నీడ చల్లన అని అందరూ చెబుతారు. నీడలోకి సూర్యుడి వెలుతురు నేరుగా రాదు, నీలాకాశపు వెలుతురు వస్తుంది, కాబట్టి నీలిగా ఉంటుంది, నిజమే. కానీ ఒక పెద్ద గుండు దగ్గర పావుగంట కూర్చుని దాని నీడభాగాన్నే చూడండి. ఆకాశం వైపు తిరిగిన చోట నీలి. కింద పొట్టభాగం, నేలవైపు వంగిన చోట, ఎర్రమట్టి మీద పడిన ఎండ పైకి తన్ని ఇటుకరంగు వెచ్చదనం. నేలను తాకే సందులో మాత్రం ఏ వెలుతురూ చేరదు, అక్కడ చిక్కటి గోధుమ నలుపు. ఒకే నీడలో మూడు రంగులు. ఆ పొట్టభాగపు వెచ్చదనం పడిన రోజు నా బొమ్మలో మొదటిసారి ఎండ కాసింది. బండ పైతలం మీద అంతకుముందు వేసిన రంగును ఏమీ మార్చలేదు.

తొలిపొర:
నీడకు నలుపు వాడవచ్చా? ఎక్కడ చదివినా నలుపు ట్యూబు పారేయమంటున్నారు.

ముడిగుడ్డ:
పారేయండి. అల్ట్రామరైన్ బ్లూ, ఎర్రగోధుమ రంగు బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది, చల్లగా కావాలంటే నీలం, వెచ్చగా కావాలంటే సియెన్నా పెంచుకోవచ్చు. ట్యూబు నలుపుతో నీడ వేస్తే అక్కడ కాన్వాసుకు చిల్లు పడినట్లుంటుంది.

పాతకుంచె:
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. తప్పు నలుపుది కాదు, దాన్ని ప్రతి రంగులోనూ పోసే చేతిది. ఐవరీ బ్లాక్‌లో నిమ్మపసుపు కలిపి చూడండి. ఎంత చక్కని పాచిపచ్చ వస్తుందో! మామిడితోపు నీడకు అంతకన్నా నమ్మకమైన పచ్చ నాకు ఇంకొకటి దొరకలేదు. ట్యూబులోని విరిడియన్ పచ్చను తిన్నగా వేస్తే మన చెట్లు ప్లాస్టిక్ చెట్లవుతాయి. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే నీలిబూడిద వర్షాకాలపు మబ్బుకు సరిగ్గా సరిపోతుంది.

ముడిగుడ్డ:
పచ్చ విషయంలో మీ మాట కాదనను మాస్టారూ, నేనూ చూశాను. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం మొదటి ఏడాది నలుపు ఇవ్వకూడదన్నదే నా మాట. ఇస్తే నీడలో రంగు వెతకడం నేర్చుకోరు.

గుండ్రాళ్ళు:
ఫోనులో తీసిన ఫోటో చూసి వేసేవారికి ఒక హెచ్చరిక. కెమెరా నీడలన్నిటినీ నల్లగా ముంచేస్తుంది, లేదా ఆకాశాన్ని తెల్లకాగితం చేస్తుంది. నేను పైన చెప్పిన మూడు రంగుల నీడ ఏ ఫోటోలోనూ కనబడదు. ఫోటో చెట్టు ఆకారం కోసం పనికొస్తుంది, వెలుగు కోసం పనికిరాదు.

రేవుగట్టు:
కానీ రేవులో సమయం చాలడం లేదండీ. రంగులు పిండుకునేసరికి వెలుతురు మారిపోతోంది. అందుకే ఫోటో తీసుకుని ఇంట్లో పూర్తి చేస్తున్నాను.

దూరపుకొండలు:
ఇది మన ఊళ్ళకూ ఇక్కడికీ ఉన్న పెద్ద తేడా. లండన్‌లో సూర్యుడు దిగంతానికి బాగా ఏటవాలుగా దిగుతాడు, వేసవిలో సందెవెలుగు చాలాసేపు సాగుతుంది. ఇక్కడివారు సాయంత్రం మూడు గంటలు కూర్చుని వేసుకోగలరు. గోదావరి దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు, బింబం గట్టును తాకాక రెండు మూడు నిమిషాల్లో మాయం. ఇక్కడ నేర్పే పద్ధతులు అక్కడ యథాతథంగా పనిచేయవు.

మోనే గడ్డివాములు వేసినప్పుడు, 1890, 91ల్లో, పక్కన చాలా కాన్వాసులు పెట్టుకుని వెలుతురు మారినప్పుడల్లా కాన్వాసు మార్చేవాడు. ఒక్కో దానికి దక్కేది కాసేపే. మర్నాడు అదే వేళకు మళ్ళీ అదే కాన్వాసు. మీరూ అలా చేయవచ్చు. ఒకే సాయంత్రంలో పూర్తి చేయాలన్న పట్టుదల వదిలి, రోజూ అదే 20 నిమిషాలు. ఇంగ్లండులో చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 22ల్లో హాంప్‌స్టెడ్ మీద మబ్బుల్ని చిన్న చిన్న కాగితాల మీద నూనె రంగుల్లోనే వేసి, వెనుక తేదీ, వేళ, గాలి వీచే దిక్కు రాసుకున్నాడు. ఆ రాత చూస్తే ఆయన మబ్బును ఎంత గౌరవించాడో తెలుస్తుంది.

పాతకుంచె:
దీనికి తోడు: రంగులు రేవులో కలపవద్దు, ఇంట్లోనే కలుపుకుని వెళ్ళండి. పసుపు నుంచి వంగపండు దాకా ఆ అయిదారు ముద్దలు ప్యాలెట్ మీద సిద్ధంగా ఉంటే అక్కడ కళ్ళకు తీరిక దొరుకుతుంది. వెళ్ళగానే నీడల హద్దులు గీసుకోండి. ఆ తర్వాత సూర్యుడు కదిలినా హద్దు మార్చవద్దు. గంటకు 15 డిగ్రీలు కదిలే సూర్యుడి వెంట పరుగెత్తితే బొమ్మలో నాలుగు వేళల నీడలు చేరతాయి.

మీరు రాజమండ్రిలో ఉన్నారు కాబట్టి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీరిక చేసుకుని వెళ్ళండి. ముప్ఫై ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు, ఆ గోదావరి గాలి పీల్చినవాడు. నూనె రంగు కాకపోయినా ఫరవాలేదు. నీటిరంగుల్లో పనిచేసేవారికి వెలుగంటే కాగితాన్ని వదిలేయడం. ఎక్కడ చేయి ఆపాలన్నది మనం నేర్చుకోవలసింది వారి దగ్గరే.

తొలిపొర:
ట్యూబులు కొనడానికి వెళుతున్నాను. ఏవి తేవాలి? కుంచెలు కడిగే టర్పెంటైన్ వాసన ఇంట్లో అమ్మకు పడదు.

ముడిగుడ్డ:
టైటానియం వైట్ పెద్ద ట్యూబు, లెమన్ యెల్లో, మట్టిపసుపు రంగు యెల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, ఒక ఎరుపు, అల్ట్రామరైన్ బ్లూ. ఏడాదికి చాలు. పందివెంట్రుకల కుంచెలు మూడు, ఒక ప్యాలెట్ నైఫ్. టర్పెంటైన్ బదులు కుంచెను గుడ్డతో తుడిచి, వంటనూనెలో ముంచి మళ్ళీ తుడిచి, సబ్బుతో కడగవచ్చు. ఆ వంటనూనె రంగులో మాత్రం కలవకూడదు, అది సరిగా ఆరదు. రంగులో కలపడానికి అవిసె నూనె. కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి, తిరగబడితే పై పొర పగులుతుంది.

ఇది తప్పనిసరిగా గుర్తుపెట్టుకోండి: అవిసె నూనె తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె గాలితో కలిసి ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకోవచ్చు. గుడ్డను విప్పి ఆరుబయట పరవండి, లేదా నీళ్ళు పోసిన రేకుడబ్బాలో వేయండి.

రేవుగట్టు:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. మాస్టారు చెప్పినట్లు అంబర్‌తో పద్దెనిమిది అట్టముక్కలు వేశాను. పదో ముక్క దగ్గర నాకు ఒకటి తట్టింది. నేను ఇన్నాళ్ళూ లేతది అనుకున్న నీరు, సూర్యుడి దారి తప్పిస్తే, అసలు లేతది కాదు. దారికి రెండు పక్కలా నీరు నడిమి ముదురు మెట్టులో ఉంది. అది బంగారంగా ఉందని మనసు చెబుతుంటే చేయి లేతగా వేస్తూ పోయింది.

నిన్న రంగుల్లో వేశాను. ఆకాశం పై సగం బూడిద వంగపండు, ఇంత ముదురు ఆకాశం ఎప్పుడూ వేయలేదు, చేయి వణికింది. పడవ అల్ట్రామరైన్, సియెన్నా. నీరంతా మట్టినీలం పలుచగా పూసి, చివర ప్యాలెట్ నైఫ్‌తో దారిని మందంగా పెట్టాను, నారింజ, దాని మీద చామంతి పసుపు, అడ్డంగా చిన్న చిన్న పొడలు, దూరాన దగ్గరగా, నా వైపు వచ్చే కొద్దీ ఎడంగా. తెలుపు ఏడెనిమిది చోట్లే తగిలించాను. రాత్రి దీపం ఆర్పేముందు గది గుమ్మం దగ్గర నుంచి వెనుదిరిగి చూస్తే పొడలు కాన్వాసు మీద నుంచి లేచి కనబడ్డాయి.

దూరపుకొండలు:
ఆ మందంగా పెట్టడం గురించే రాయాలనుకున్నాను. ఇక్కడ నేషనల్ గ్యాలరీలో టర్నర్ ‘టెమరేర్’ ఓడ ఉంది, 1839లో ప్రదర్శించినది. పక్క నుంచి చూస్తే అస్తమయం వైపు రంగు గట్లు కట్టి ఉంటుంది, పాత ఓడ పలుచగా దయ్యంలా ఉంటుంది. ఎడమ వైపు చల్లని నీలం, చంద్రుడు. గదిలోని దీపపు వెలుతురు ఆ గట్ల మీద నిజంగానే పడి మెరుస్తుంది.

రేవుగట్టు:
ఇంకొక సందేహం. ఈ వారం ఎగువన వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చింది. వేసవిలో నీటి మీద పడవ ప్రతిబింబమే కనబడేది. ఇప్పుడు ప్రతిబింబం మసకబారి, దాని పక్కన పడవ నీడ విడిగా నీటి మీద పడుతోంది. నేను చూసింది నిజమేనా, భ్రమా?

పాతకుంచె:
నిజమే, అమ్మా. తేటనీటి పైతలం మీద నీడ నిలవడానికి ఏమీ ఉండదు, వెలుతురు లోపలికి దిగిపోతుంది, మనకు కనబడేది అద్దంలాంటి ప్రతిబింబం. బురద కలిసిన నీటిలో మట్టిరేణువులు ఎండను వెనక్కి తిప్పుతాయి కాబట్టి అది నేలలాగే నీడను పడుతుంది. ప్రతిబింబం ఎప్పుడూ మీ వైపే దిగుతుంది, నీడ సూర్యుడికి ఎదురుదిక్కున పడుతుంది. ఉదయం తొమ్మిది గంటల వేళ, పక్క నుంచి ఎండ వచ్చేటప్పుడు వెళ్ళండి, రెండూ స్పష్టంగా విడిపోతాయి. ఎర్రనీటి నీడకు యెల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, రవ్వంత అల్ట్రామరైన్. నీలం కలిపేటప్పుడు జాగ్రత్త.

రేవుగట్టు:
రేపు ఆదివారం. మూడు ముద్దలూ ఈ రాత్రే కలిపి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచుతున్నాను.